గురుడూ కావాలి, గుర్రపు తలా కావాలి: ఒక మాస్టారి ఆస్ట్రో కెమెరా కేసు

ముందే చెప్పేస్తా, ఈ కేసు రాయమని అడిగింది మాస్టారే, కానీ ఆయన పేరు, ఊరు, కాలేజీ ఏదీ పెట్టట్లేదు, గుర్తుపట్టేలా ఉన్న ఒకట్రెండు వివరాలు మార్చేశా. లెక్కలు, ఖర్చులు, నేను చేసిన తప్పు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. పగలు నా ఉద్యోగం వేరు, రాత్రిళ్లు, శని ఆదివారాలు హైదరాబాద్ చుట్టుపక్కల ఆస్ట్రోఫోటోగ్రఫీ, అంటే చుక్కలు, గ్రహాల ఫొటోలు తీయడం, మొదలుపెట్టేవాళ్లకి కెమెరాలు, మౌంట్లు (టెలిస్కోప్‌నో కెమెరానో మోస్తూ తిప్పే స్టాండ్లు) సెట్ చేసిపెట్టడం చాలా ఏళ్లుగా చేస్తున్నా. ఇన్నేళ్లలో "ఏ కెమెరా కొనాలి" అనే ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, అయినా ఈ ఒక్క కేసు తర్వాతే ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పే పద్ధతి మారింది.

ఎవరు, చేతిలో ఏముంది

యాభై దాటిన ఫిజిక్స్ లెక్చరర్, దక్షిణ తెలంగాణలో ఒక చిన్న టౌన్. 130 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే) టెలిస్కోప్ ఉంది, ఫోకల్ లెంగ్త్ 650 మి.మీ., దాన్ని 130తో భాగిస్తే 5, అంటే ఎఫ్/5. దాంతోపాటే వచ్చిన తేలికపాటి ఈక్వటోరియల్ మౌంట్ (భూమి తిరుగుడుకి తగ్గట్టు తిప్పగలిగేది) మీద మూడేళ్లుగా పిల్లలకి చంద్రుడు, శని చూపిస్తున్నారు. టెలిస్కోప్ గురించి బాగా తెలుసు, కెమెరా గురించి మాత్రం ఫోన్‌లో ఫొటోలు తీయడం వరకే. 2023 నవంబర్‌లో నాకు ఫోన్ చేశారు. బడ్జెట్ 1,20,000.

తమ్ముడి కొడుకు పెళ్లిళ్లకి ఫొటోలు తీస్తాడంట, ఆ అబ్బాయి "పెదనాన్నా, రాత్రిపూట ఫొటోలంటే ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్సే, వేరే మాట లేదు" అని, అంటే పెద్ద సెన్సార్ ఉండి లోపల అద్దం లేని కెమెరా, సెకండ్ హ్యాండ్‌లో ఒకటి చూసి కూడా పెట్టాడు. బాడీ ఒక్కటే 1,10,000. మాస్టారి ప్రశ్న చిన్నదే: "తమ్మీ, ఇది తీస్కోనా వద్దా?"

అసలు సమస్య ఏంటి

తీస్కోండి, వద్దు అని చెప్పే ముందు దేన్ని ఫొటో తీయాలనుకుంటున్నారో అడిగా. చెప్పినవి మూడు. గురుడి మీద పట్టీలు కనిపించాలి, మృగశిరలో ఓరియన్ నెబ్యులా (అంతరిక్షంలో వాయువు, దుమ్ము మబ్బు) కావాలి, దాని పైన బెల్టు దగ్గర ఉండే గుర్రపు తల నెబ్యులా కావాలి. అన్నీ ల్యాబ్ గోడకి ఎ3 సైజులో. ఇక్కడే నాకు అర్థమైంది, ఈయన ఒక కెమెరా అడుగుతున్నారు కానీ ఆయన చెప్పే పనులు రెండు, ఆ రెండూ ఎడ్డెమంటే తెడ్డెం. గురుడు చిన్నగా, బాగా వెలుగ్గా ఉంటాడు. నెబ్యులా పెద్దది, మసక.

ఫిజిక్స్ మాస్టారు కదా, లెక్క ఆయన చేతే వేయించా. ఆ సీజన్‌లో గురుడు దాదాపు 49 ఆర్క్‌సెకన్ల వెడల్పు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు). 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్‌లో సెన్సార్ మీద పడే బొమ్మ 0.15 మి.మీ. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ వెడల్పు 36 మి.మీ. 24 మెగాపిక్సెల్ బాడీ అయితే పిక్సెల్ దాదాపు 6 మైక్రాన్లు, అంటే గురుడు మొత్తం కలిపి 26 పిక్సెళ్లు. కళ్యాణమండపం మొత్తం బుక్ చేసి అందులో ఒక్కడు కూర్చుని భోంచేసినట్టు! మాస్టారు ఫోన్‌లోనే నవ్వేశారు.

ఇంకో లెక్క నేనే చెప్పా. ఆయన ఫోకసర్ (ఫోకస్ కోసం లోపలికీ బయటికీ జరిపే గొట్టం) 1.25 అంగుళాలది, లోపల వెలుగు వచ్చే దారి 28 మి.మీ. కంటే ఎక్కువ ఉండదు, ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ మూల నుంచి మూలకి 43 మి.మీ. డబ్బు పెట్టి కొన్న సెన్సార్‌లో అంచులన్నీ నల్లగా వస్తాయి. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే చిన్న సెన్సార్‌కి, అంటే క్రాప్ సెన్సార్‌కి, మూల నుంచి మూలకి 27, సరిగ్గా సరిపోతుంది. ఇక మెగాపిక్సెళ్ల భయం. 18 మెగాపిక్సెల్ ఫొటో వెడల్పు 5184 పిక్సెళ్లు, ఎ3 కాగితం పొడుగు పదహారున్నర అంగుళాలు, అంగుళానికి 300 చుక్కల పైనే వస్తాయి. ప్రింటింగ్ షాపువాడు కూడా అంతకంటే అడగడు.

ఆ అబ్బాయి చెప్పింది తప్పని కాదు, పెళ్లి మండపంలో అది కరెక్టే. అక్కడ పెళ్లికూతురు కదుల్తూ ఉంటుంది, 1/100 సెకన్‌లో పట్టాలి, కాబట్టి పెద్ద సెన్సార్ కాపాడుతుంది. ఇక్కడ కదిలేది ఆకాశం, అదీ ఒకే వేగంతో, సెకనుకి 15 ఆర్క్‌సెకన్లు. ఆ కదలికని మౌంట్ సరిచేస్తే గంటలకొద్దీ వెలుగు పోగేసుకోవచ్చు. అందుకే డబ్బు మౌంట్‌కి వెళ్లాలి.

మొదట అప్పు, తర్వాత కొనుగోలు

వెంటనే ఏదీ కొనొద్దన్నా. నా దగ్గర పాత కెనాన్ 600డి ఉంటే అది, 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్స్, ఒక మామూలు ట్రైపాడ్ ఇచ్చి నెల రోజులు వాడమన్నా. కారణం ఏంటంటే ఈ హాబీలో ఆకాశం కింద గడిపే టైం కంటే కంప్యూటర్ ముందు గడిపే టైం ఎక్కువ, స్టాకింగ్ (చాలా ఫొటోల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి కలపడం), కర్వ్స్ లాగడం (వెలుగునీడలు సరిచేయడం), మళ్లీ లాగడం. అది నచ్చకపోతే ఎంత మంచి కెమెరా అయినా బీరువాలోకే. 500 రూల్ ప్రకారం (500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో, క్రాప్ లెక్క కలిపి, భాగించడం) క్రాప్ బాడీ మీద 50 మి.మీ. లెన్స్‌కి 6 సెకన్లు దాటితే చుక్కలు గీతలవుతాయి, అందుకని 5 సెకన్లు పెట్టి, లెన్స్ ఎఫ్/2.8కి మూసి, ఐఎస్ఓ 1600లో, రా ఫార్మాట్‌లో 120 ఫొటోలు తీయమన్నా. మొత్తం పది నిమిషాల వెలుగు. వాటిని స్టాక్ చేసే డీప్‌స్కైస్టాకర్ ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఎలా వాడాలో వీడియో కాల్‌లో చూపించా.

డిసెంబర్‌లో ఒక రోజు తెల్లారి మూడింటికి ఫోన్. పిల్లలకోడి (కృత్తికల గుంపు) వచ్చిందంట, ఓరియన్ నెబ్యులా గులాబీ రంగు మరకలా వచ్చిందంట, గుర్రపు తల ఆనవాలు కూడా లేదంట. గొంతులో ఆ సంబరం వినగానే ఈయన వదలరు, ఇప్పుడు కొనిపించొచ్చు అనిపించింది.

గుర్రపు తల ఎందుకు రాలేదంటే, అది నిజానికి ఒక నల్లటి దుమ్ము మబ్బు, వెనకాల ఎర్రటి హైడ్రోజన్ వెలుగు ఉంటేనే కనిపిస్తుంది. ఆ వెలుగు 656 నానోమీటర్ల దగ్గర ఉండే హెచ్-ఆల్ఫా. మామూలు కెమెరాల్లో సెన్సార్ ముందు ఉండే ఫిల్టర్ మనుషుల చర్మం రంగు బాగా రావాలని ఎరుపుని కోసేస్తుంది, హెచ్-ఆల్ఫాలో దాదాపు నాలుగో వంతే లోపలికి పోతుంది. కంపెనీలు కూడా ఇందుకోసం ప్రత్యేకం బాడీలు చేశాయి, కెనాన్ 2005లో 20డిఎ, 2012లో 60డిఎ, 2019లో ఈఓఎస్ ఆర్‌ఎ, నికాన్ 2015లో డి810ఎ. మన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో అవి దొరకడం గగనం. కాబట్టి నా సలహా: 600డి లాంటి బాడీ ఒకటి వాడినది కొని ఆ ఫిల్టర్ తీయించేయడం. బాడీ 18,000, ఫిల్టర్ పనికి 7,000.

"మరి ఇంట్ల ఫంక్షన్లకి పనికొస్తదా తమ్మీ" అని అడిగారు. వైట్ బ్యాలెన్స్ మనం సెట్ చేసుకుంటే కొంతవరకు వస్తుంది, లేకపోతే అందరూ ఎర్రగా పడతారు, ఫంక్షన్ల కోసం మాత్రం కొనకండి అని నిక్కచ్చిగా చెప్పా. ఇక్కడ మెత్తగా చెప్తే తర్వాత ఇంట్లో మాస్టారు మాటలు పడాలి.

ఫిల్టర్ తీసిన సర్వీస్ షాపు లోపల దుమ్ము, ఒక వేలిముద్ర కూడా వదిలేసి పంపింది. వ్యూఫైండర్ ఆటోఫోకస్ కూడా తేడా వచ్చింది కానీ దానితో మాకు పనిలేదు, చుక్కలకి లైవ్‌వ్యూ పది రెట్లు జూమ్ చేసి చేత్తోనే ఫోకస్ పెడతాం. దుమ్ము మచ్చలకి ఫ్లాట్స్ (సమానమైన వెలుగు మీద తీసే ఖాళీ ఫొటోలు, వాటితో మచ్చల్ని తీసేయొచ్చు) తీయడం నేర్చుకున్నారు, లెన్స్ మీద తెల్ల పంచె గుడ్డ రెండు మడతలు కట్టి తెల్లారి ఆకాశం వైపు తిప్పి ముప్పై ఫొటోలు. పాత పంచె అంత మంచి ఫ్లాట్ ప్యానెల్ ఇంకోటి చూళ్లేదు నేను.

నా తప్పు

2024 జనవరి చివర్లో కెమెరాని టెలిస్కోప్‌కి తగిలించారు. "తమ్మీ, గిది ఫోకస్ అయితలేదు. మొత్తం లోపలికి తిప్పిన, ఇంకా జరంత పోవాలె, పోతలేదు."

తల పట్టుకున్నా. ఎందుకంటే ఇది నాకు ముందే తెలియాల్సిన విషయం. కంటితో చూడటానికి చేసిన న్యూటోనియన్లలో ఫోకస్ పడే చోటు ఫోకసర్‌కి దగ్గర్లోనే ఉంటుంది, ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే కటకానికి) అది చాలు. డీఎస్ఎల్ఆర్‌లో సెన్సార్ మౌంట్ నుంచి 44 మి.మీ. లోపలికి ఉంటుంది, దానికి అడాప్టర్ మందం కూడా కలుపుకోవాలి, ఫోకసర్ మొత్తం మూసినా సెన్సార్ ఆ చోటికి చేరదు. ఫుల్‌ఫ్రేమ్ వద్దని ఇన్ని లెక్కలు వేయించినవాణ్ని, "మీ ఫోకసర్ ఎంత లోపలికి పోతుంది సార్" అన్న ఒక్క ప్రశ్న అడగలేదు. ఇంకో సంగతి, మిర్రర్‌లెస్ బాడీల్లో సెన్సార్ 20 మి.మీ. లోపే ఉంటుంది, పల్చటి అడాప్టర్ వేస్తే బహుశా ఫోకస్ అయ్యేదే. అంటే ఆ పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ అబ్బాయి చెప్పినదాంట్లో సగం, తనకే తెలియని కారణంతో, కరెక్టు.

హైదరాబాద్‌లో నిజామియా అబ్జర్వేటరీలో వందేళ్ల కింద గాజు ప్లేట్ల మీద ఆకాశం మ్యాపు తీశారు కదా, దానికి వాడింది 8 అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్, ఫొటోల కోసమే చేసిన టెలిస్కోప్. మాస్టారు ఉస్మానియాలో చదివారు కాబట్టి ఆ కథ ఆయనే నాకు గుర్తుచేశారు. "కంటికి ఒకటి, ప్లేటుకి ఒకటి అని వాళ్లకి అప్పుడే తెలుసు, మనకే తెల్వలే" అన్నారు. ఆయన కోపం అంతవరకే, అందుకు ఇప్పటికీ రుణపడి ఉన్నా.

అప్పుడు మా ముందు రెండు దార్లు. ఒకటి, లోపలి అద్దాన్ని పొడుగు బోల్టులతో ఓ 30 మి.మీ. ముందుకి జరపడం. చేయొచ్చు, చాలామంది చేస్తారు, కానీ తర్వాత ఐపీస్ వాడాలంటే ప్రతిసారీ ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ కావాలి, పిల్లలకి చూపించే టెలిస్కోప్‌ని పాడుచేసుకున్నట్టు ఉంటుంది. రెండోది, మధ్యలో 2ఎక్స్ బార్లో (ఫోకల్ లెంగ్త్‌ని రెట్టింపు చేసే కటకం) పెట్టడం. అది చేతిలో ఉంది కాబట్టి ముందు అదే చేశాం. ఫోకస్ వచ్చింది. కానీ ఫోకల్ లెంగ్త్ 1300 అయింది, ఎఫ్/10 అయింది, అంటే అదే వెలుగుకి నాలుగు రెట్లు టైం. ఒక్కో పిక్సెల్‌కి 0.68 ఆర్క్‌సెకన్లు, మౌంట్ కదలకపోతే చుక్క సెకనుకి 22 పిక్సెళ్లు జారుతుంది. మోటార్ కొని తగిలించారు, 30 సెకన్ల ఫ్రేములు తీశారు, పదింట్లో ఏడు పారేయాల్సి వచ్చింది. ట్యూబ్ బరువు, కెమెరా బరువు, గాలి, అన్నీ కలిసి ఆ సన్న కాళ్ల మౌంట్ గడగడలాడిపోయింది.

అద్దం జరిపే పని ఎందుకు వద్దన్నానో అప్పుడు రుజువైంది. ఫోకస్ సమస్య తీర్చినా దాని వెనకే మౌంట్ సమస్య కాచుకుని కూర్చుంది, 650 మి.మీ.లో కూడా ఆ మౌంట్ నిమిషం ఎక్స్‌పోజర్ మోయలేదు. మోయగలిగే మౌంట్ కొనాలంటే ఉన్న బడ్జెట్ మొత్తం దానికే పోతుంది.

టెలిస్కోప్‌ని పక్కన పెట్టాం

మాస్టారికి ఇది మింగుడుపడలేదు. నెబ్యులా ఫొటోకి టెలిస్కోప్ అక్కర్లేదంటే ఎవరికైనా అంతే, కానీ మళ్లీ లెక్కే నా పని సులువు చేసింది. 135 మి.మీ. లెన్స్ వేస్తే 600డి మీద ఒక్కో పిక్సెల్‌కి 6.6 ఆర్క్‌సెకన్లు, టెలిస్కోప్‌తో అయితే 1.36. ట్రాకింగ్‌లో తప్పు జరిగినా దాదాపు ఐదు రెట్లు క్షమిస్తుంది. ఫ్రేములో 9.4 డిగ్రీలు బై 6.3 డిగ్రీలు పడుతుంది, బెల్టు, గుర్రపు తల, కింద ఓరియన్ నెబ్యులా మూడూ ఒకే ఫొటోలోకి వస్తాయి. అప్పుడు ఆయన "ఒక్క ప్రింట్ ఖర్చుతోటే రెండు అయితయ్ కద" అన్నారు, అక్కడితో ఒప్పుకున్నట్టే.

వాడిన స్టార్ ట్రాకర్ (కెమెరాని ఆకాశంతోపాటు తిప్పే చిన్న మోటార్ మౌంట్) 32,000, వాడిన సామ్యాంగ్ 135 మి.మీ. ఎఫ్/2 మాన్యువల్ లెన్స్ 30,000. కెమెరా 18,000కి వస్తే లెన్స్, ట్రాకర్ కలిపి 62,000 ఏంటని ఇంట్లో గొడవ అయిందంట. సెన్సార్లు రెండేళ్లకి పాతబడతాయి, మంచి గాజు పాతబడదు అని నేనన్న మాటే అక్కడ అప్పజెప్పారంట, పని చేసిందో లేదో అడగలేదు.

తర్వాత ధ్రువ నక్షత్రం. ట్రాకర్ ఇరుసు దానివైపు పెట్టాలి. యూరప్‌లోవాళ్లకి అది మనకంటే బాగా ఎత్తులో ఉంటుంది, మనకి అక్షాంశం ఎంతో ధ్రువుడు అంతే ఎత్తు, అంటే 17 డిగ్రీలు. మాస్టారి డాబా మీద ఆ 17 డిగ్రీల్లో సరిగ్గా పక్కింటివాళ్ల నీళ్ల ట్యాంకు. గుర్తులు పెట్టుకుని, కంపాస్ పెట్టి, మూడు రాత్రులు ప్రయత్నించాం, నిమిషం దాటితే గీతలే. చివరికి అత్తగారి ఊళ్లో చెలక ఉంది, అక్కడికి మారాం, ఉత్తరం వైపు ఏమీ అడ్డులేదు, ఆకాశం కూడా టౌన్ కంటే బాగా నలుపు. ధ్రువుడు దొరికిన పది నిమిషాల్లో 60 సెకన్ల ఫ్రేముల్లో చుక్కలు గుండ్రంగా వచ్చాయి. అన్నిటికంటే పెద్ద మార్పు ఏ పరికరంతోనూ రాలేదు, ఆ చెలకతో వచ్చింది!

ఏప్రిల్ దెబ్బ

మార్చిలో మృగశిర తొందరగా అస్తమించేస్తుంది కాబట్టి ఏప్రిల్‌లో జ్యేష్ఠ నక్షత్రం చుట్టూ ఉండే రంగుల మబ్బు తీద్దామన్నారు. రెండు రాత్రులు తీశారు. స్టాక్ చేస్తే ఫొటో అంతా గోధుమరంగు మరకలు, వాటి మీద ఏటవాలుగా వానజల్లు పడ్డట్టు గీతలు. కెమెరా పోయిందనుకున్నారు.

ఫైళ్లు పంపమని చూశా. కెనాన్ ఫైళ్లలో కెమెరా లోపలి వేడి కూడా రికార్డ్ అవుతుంది. డిసెంబర్‌లో 22 డిగ్రీలు ఉన్నది ఏప్రిల్‌లో 38. సెన్సార్‌లో డార్క్ కరెంట్ (వెలుగు లేకపోయినా వేడికే పుట్టే సిగ్నల్) దాదాపు ప్రతి 6 డిగ్రీలకి రెట్టింపవుతుంది, అంటే ఇంచుమించు ఆరు రెట్లు. పైగా ఆయన డిసెంబర్‌లో తీసిన డార్క్స్‌నే (నాయిస్ తీసేయడానికి మూత పెట్టి తీసే చీకటి ఫొటోలు) ఇక్కడ వాడారు, వేసవి నాయిస్‌ని చలికాలం డార్క్స్ ఏం తీసేస్తాయి? చలిదేశాల వాళ్ల సలహాల్లో ఈ సంగతి పెద్దగా కనిపించదు, మన దగ్గర రాత్రి పదకొండింటికి కూడా 30 డిగ్రీలు ఉంటుందని వాళ్లకేం తెలుసు. ఇక ఆ వానగీతలు, అవి అలైన్‌మెంట్‌లో చిన్న తేడా వల్ల ప్రతి ఫ్రేము ఒకే వైపు కొద్దికొద్దిగా జరగడంతో హాట్ పిక్సెళ్లు (వేడికి ఊరికే వెలిగే పిక్సెళ్లు) వరసగా నడిచినట్టు వచ్చే గీతలు.

"మరి కూలింగ్ ఉన్న కెమెరా తీస్కోనా?" అసలు నిర్ణయం ఇదే, నేను రెండు రోజులు ఆలోచించి చెప్పా. 533 అనే రకం సెన్సార్ ఉండే కూల్డ్ కెమెరా (సెన్సార్‌ని చల్లబరిచేది) బయటి గాలి కంటే 35 డిగ్రీల దాకా చల్లబడుతుంది, ఏప్రిల్ సమస్య నిజంగానే తీరుతుంది. కానీ దాని సెన్సార్ 11.3 మి.మీ. చదరం, ఇదే లెన్స్‌తో 4.8 డిగ్రీలే పడుతుంది, ఆయన కోరుకున్న ఫ్రేము అందులో పట్టదు. చెలకలో ల్యాప్‌టాప్, పన్నెండు వోల్ట్ల బ్యాటరీ మోసుకెళ్లాలి. మళ్లీ బడ్జెట్ అంతా కావాలి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎలాగూ వానలు, అంటే అది నిజంగా ఆదుకునేది మార్చి నుంచి మే దాకా మూడు నెలలు. వద్దన్నా.

బదులుగా ఫ్రీగా అయ్యేవి చెప్పా. ఆ రాత్రే, అదే వేడిలో, లెన్స్ మూత పెట్టి డార్క్స్ తీయాలి. 600డి స్క్రీన్ బయటికి తిరుగుతుంది కాబట్టి దాన్ని బాడీ నుంచి దూరంగా తెరిచి ఆఫ్ చేసి ఉంచాలి, వేడి కొంత పోతుంది. ఒక్కో ఫ్రేముకీ మధ్య కొన్ని సెకన్లు ఆగాలి. పది ఫ్రేములకోసారి బాల్‌హెడ్‌ని (కెమెరాని పట్టి ఉంచే తిరిగే తలని) ఏదో ఒకవైపు ఒక వెంట్రుకవాసి జరపాలి, ఒకసారి అటు, ఒకసారి ఇటు, అప్పుడు హాట్ పిక్సెళ్లు ఒకే వరసలో పడవు, స్టాకింగ్‌లో రాలిపోతాయి. దీన్నే డిథరింగ్ అంటారు. మేలో మళ్లీ తీశారు. మరకలు పూర్తిగా పోలేదు, గీతలు మాత్రం పోయాయి.

గురుడి సంగతి తేలిగ్గా తేలింది

గురుడికి వాడిన చిన్న ప్లానెటరీ కెమెరా, ఐఎంఎక్స్224 సెన్సార్‌ది, 12,000. ఇది ఐపీస్‌లా ఫోకసర్‌లోకే దూరుతుంది కాబట్టి ఫోకస్ గొడవే లేదు. 3ఎక్స్ బార్లోతో ఫోకల్ లెంగ్త్ 1950, పిక్సెల్ 3.75 మైక్రాన్లు, పిక్సెల్‌కి 0.4 ఆర్క్‌సెకన్లు, గురుడు 26 పిక్సెళ్ల నుంచి 120 పిక్సెళ్లకి పెరిగాడు. ఇక్కడ ఒక్కో ఫ్రేము 10 మిల్లీసెకన్లే, అందుకే అదే పాత మౌంట్, అదే మోటార్ చక్కగా సరిపోయాయి. రెండు నిమిషాల వీడియో, అంతకంటే ఎక్కువ తీస్తే పట్టీలు అలుక్కుపోతాయి, గురుడు పది గంటల్లోపే ఒక చుట్టు తిరిగేస్తాడు కదా. ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి ఫ్రేములు ఒక ఇరవై శాతం ఏరి, రెజిస్టాక్స్ అనే ఇంకోదాంట్లో పదును పెట్టడం.

2024 డిసెంబర్‌లో గురుడు మనకి దాదాపు నడినెత్తిన వచ్చాడు, గాలి పొర అక్కడ పల్చన. నాలుగు పట్టీలు, ఎర్ర మచ్చ వచ్చాయి.

ఆ మార్గశిరం

మాస్టారికి ఎప్పుడు ఏం తీయాలో చెప్పడానికి యాప్ చూపిస్తుంటే "పంచాంగం ఉండంగ ఇదెందుకు" అన్నారు. నిజమే, మార్గశిర పౌర్ణమికి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు, అంటే ఆ నెలలో మృగశిర రాత్రంతా ఆకాశంలోనే ఉంటుంది, మనం చేయాల్సిందల్లా అమావాస్య కోసం ఆగడం. 2024 డిసెంబర్ 30 అమావాస్య. ముందు రాత్రి, ఆ రాత్రి కలిపి 60 సెకన్ల ఫ్రేములు 190 తీశారు, లెన్స్ ఎఫ్/2.8, ఐఎస్ఓ 800. మంచుకి లెన్స్ మీద తడి పట్టి పది పోయాయి, మిగిలినవి 180, సరిగ్గా మూడు గంటలు. గుర్రపు తల ఫ్రేములో చిన్నదే, చిటికెన వేలి గోరంత, కానీ చెవి, మూతి తెలుస్తున్నాయి.

ఈ కేసు తర్వాత నా దగ్గరికి ఎవరొచ్చినా కెమెరా మాట చివరికి నెట్టేస్తున్నా. ముందు ఏం తీస్తావు, దేని మీద పెడతావు, ఉత్తరం కనిపిస్తుందా, ఫోకసర్ ఫొటో ఒకటి స్కేలు పక్కన పెట్టి పంపు అంటున్నా. ఏ నెలల్లో తీస్తావో కూడా అడుగుతున్నా. ఒకతనికి ఇవన్నీ అడిగాక కూల్డ్ కెమెరానే కొనమన్నా, అతనికి ముందే బరువైన మౌంట్ ఉంది, డాబా మీద కరెంట్ ఉంది, చిన్న గెలాక్సీలే ఇష్టం. మాస్టారికి వద్దన్న వస్తువే అతనికి సరైనది.

మాస్టారి మొత్తం ఖర్చు ఇంటర్వెలోమీటర్ (వరసగా ఫొటోలు తీయించే రిమోట్), లెన్స్‌కి తడి పట్టకుండా చుట్టే హీటర్ పట్టీ, పవర్ బ్యాంక్ అన్నీ కలిపి 1,03,000, దాంట్లో కెమెరా బాడీ వాటా 18,000. మోటార్ డబ్బులు ఆయన సొంత సరదా కింద వేసుకున్నారు, లెక్కలో రానివ్వలేదు. మిగిలిన పదిహేడు వేలల్లో పిల్లల కోసం ఒక 32 మి.మీ. ఐపీస్ కొన్నారు. తమ్ముడి కొడుకు ప్రింట్ చూసి ఏ ఫుల్‌ఫ్రేమ్‌తో తీశావు పెదనాన్నా అని అడిగాడంట, మాస్టారు ఇంకా చెప్పలేదు.